గోడలో దాగిన పనికి పూచీ ఎవరిది?

కొళాయి సరిగా బిగించకపోతే నేల తడుస్తుంది. తలుపు సరిగా చెక్కకపోతే గడప దగ్గర పట్టేస్తుంది. కరెంటు పనిలో లోపం అలా బయటపడదు. ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉన్నా లైటు వెలుగుతూనే ఉంటుంది. స్విచ్చును ఫేజు మీద పెట్టాల్సింది న్యూట్రల్ మీద పెట్టినా ఫ్యాను వేస్తే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. ఇంటివాడు నాలుగు స్విచ్చులు వేసి చూసుకుని, తృప్తిగా డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. లోపం తెలిసేది ఏ రెండేళ్ళకో, గీజరు బాడీకి కరెంటు పాకిన రోజున.

జాతీయ నేర రికార్డుల సంస్థ వేసే ప్రమాద మరణాల లెక్కలో, దేశంలో కరెంటు షాకుతో పోయినవారు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12,000కు పైనే ఉంటున్నారు. తెగిపడ్డ లైను తొక్కిన రైతులు, మోటారు స్టార్టరు ముట్టుకున్నవారు, స్తంభం మీద పనిచేస్తూ పోయినవారు అందరూ అందులోనే ఉన్నారు కనుక ఆ పాపమంతా ఇంటి వైరింగుదే అనలేం. కానీ డబ్బిచ్చే మనిషి తన కంటితో తనిఖీ చేసుకోలేని పని ఇది అన్నది మాత్రం నిజం. అలాంటి పనికి మూడో మనిషి పూచీ పడాలి. మన దేశంలో ఆ మూడో మనిషి రాష్ట్ర ప్రభుత్వం. ‘ఇతనికి పని వచ్చు’ అని అది ఒక కాగితం ఇస్తుంది. ఆ మాట ఎలా తేలుస్తోంది, ఏం చూసి ఇస్తోంది, ఎవరిని లోపలికి రానిస్తోంది, ఎవరిని బయటే నిలబెడుతోంది అన్నవి ఈ వ్యాసంలో చూడదలచిన ప్రశ్నలు.

చూడటానికి చెన్నై మంచి చోటు. తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు గిండీలోని తిరు.వి.క. పారిశ్రామిక వాడలో ఉంది. ఐటీఐ బోధకులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వపు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ కూడా గిండీలోనే. విదేశాలకు కార్మికులను పంపడానికి రాష్ట్ర ప్రభుత్వం 1978లో పెట్టిన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్‌దీ ఆ చుట్టుపక్కలే. ఎలక్ట్రీషియన్‌కు పని నేర్పేవారు, పరీక్షించేవారు, ఎగుమతి చేసేవారు ఒకే పేటలో దొరుకుతారన్నమాట. పైగా ఇది తెలుగువాళ్ళకు పరాయి ఊరు కాదు. దేశంలో తొలి ఎలక్ట్రిక్ ట్రాములు 1895లో మద్రాసులోనే నడిచాయి. అవి ఆగిపోయిన 1953లోనే ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. అప్పటిదాకా నెల్లూరు వైర్‌మన్‌కూ మద్రాసు వైర్‌మన్‌కూ ఒకటే ప్రభుత్వం. ఇప్పుడు రెండు.

చట్టం కోరిన ముగ్గురు

1910 నాటి విద్యుత్ చట్టం కింద వచ్చిన 1956 నిబంధనల్లో 45వది ఈ వ్యవహారానికి పునాది. దాని సారం ఇది: వినియోగదారుడి ఆవరణలో ఏ విద్యుత్ పనైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేపట్టాలి, సామర్థ్య ధ్రువపత్రం ఉన్న సూపర్‌వైజరు ప్రత్యక్షంగా పర్యవేక్షించాలి, పర్మిట్ ఉన్న పనివాడు చేయాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులకు మాత్రం మినహాయింపు. అదీ ఇంటి వైరింగు స్వభావం, సామర్థ్యం మారనంత వరకే. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నియమాలు తెచ్చింది, 2023లో వాటిని తిరగరాసింది. ముగ్గురి ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆలోచన బాగుంది. ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు, ఒకరు జవాబుదారీ వహిస్తారు. తమిళనాడు బోర్డు ఈ ముగ్గురినీ ఇంకా విడగొట్టింది. వైర్‌మన్ కింద వైర్‌మన్ హెల్పరు ఉంటాడు, పైన సూపర్‌వైజరు. కాంట్రాక్టర్లలో ఈఎస్‌ఏ, ఈఏ, ఈఎస్‌బి, ఈబి అని తరగతులు. కాంట్రాక్టరు కావాలంటే ధ్రువపత్రం ఉన్న మనుషులను కొలువులో పెట్టుకోవాలి. ఇన్సులేషను నిరోధం కొలిచే మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ లాంటి కొలత పరికరాలు సొంతంగా ఉండాలి.

ఇంటి పనిలో జరిగేది వేరు. గాడి కొట్టి, పైపులు వేసి, తీగలు లాగి, బోర్డు బిగించేది ఒక్కడే. మహా అయితే వెంట ఓ కుర్రాడు ఉంటాడు. చట్టం అడిగిన సూపర్‌వైజరు ఆ ఇంటి గుమ్మం తొక్కాలన్న పట్టింపు ఎవరికీ లేదు. కరెంటు కనెక్షను అడిగే వేళకు కాంట్రాక్టరు సంతకం, ముద్ర కావాలి. అవి పని చూడకుండానే దొరుకుతాయని ఈ రంగంలో ఉన్నవాళ్ళెవరిని అడిగినా చెబుతారు. పుస్తకంలో ముగ్గురు ఉంటారు, గోడ దగ్గర ఒక్కడుంటాడు. కాబట్టి ఆ ఒక్కడి సామర్థ్యాన్ని ఎలా తేలుస్తున్నామన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

కాగితం చేతికొచ్చే దారులు

మొదటిది ఐటీఐ దారి. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ రెండూ రెండేళ్ళ కోర్సులే. చివర అఖిల భారత ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. సిద్ధాంతం కంప్యూటరు మీద, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతి, ప్రాక్టికల్ వేరు. గట్టెక్కితే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆపైన అప్రెంటిస్ చట్టం కింద ఏ కర్మాగారంలోనో పనిచేస్తే మరో పత్రం. ఈ దారిన వచ్చినవాడికి బోర్డు దగ్గర పెద్దగా తిప్పలుండవు. చదువుకున్న కాలమంతా రికార్డులో ఉంటుంది.

రెండోది డిప్లొమా, డిగ్రీ దారి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, నిర్ణీత కాలం అనుభవం చూపితే సూపర్‌వైజరు ధ్రువపత్రానికి అర్హత వస్తుంది. ఇది అన్నిటికన్నా గౌరవమైన దారి. మెగ్గర్ హ్యాండిల్ ఎన్నడూ తిప్పనివాడు కూడా ఈ దారిన పైకి రాగలడన్న విమర్శ దీని మీద ఉంది.

మూడోది ఎక్కువమంది నడిచేది, అన్నిటికన్నా గతుకులది. బడి మానేసి, పన్నెండు పదమూడేళ్ళకే మేస్త్రీ వెంట సంచి మోస్తూ పని నేర్చుకున్నవాడి దారి. ఇతనికోసం తమిళనాడు ఉపాధి, శిక్షణ శాఖ వైర్‌మన్ హెల్పరు పరీక్ష పెడుతుంది. 21 ఏళ్ళు నిండి, ఐదేళ్ళు తగ్గకుండా వైరింగు పని చేసినవాళ్ళు దీనికి రావచ్చు. చదువు పట్టింపు లేదు. ప్రభుత్వ ఐటీఐలలో పరీక్ష జరుగుతుంది. నెగ్గితే కింది మెట్టు దక్కుతుంది. అక్కణ్ణుంచి పైకెక్కాలంటే మళ్ళీ కొన్నేళ్ళ అనుభవం చూపాలి.

నాలుగోది కేంద్రం తెరిచిన దారి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని తెలిసినవారిని గుర్తించే ఏర్పాటు ఒకటుంది. కొద్ది గంటల అవగాహన తరగతి, ఆపైన ఒక మదింపు, చివర ధ్రువపత్రం. లక్షల చేతులకు పని వచ్చు కానీ కాగితం లేదన్న సంగతిని ప్రభుత్వమే ఒప్పుకోవడం ఇందులోని మేలు. చిక్కల్లా ఆ ధ్రువపత్రం ఎక్కడ చెల్లుతుందన్నది. అది నైపుణ్యాల జాతీయ చట్రంలో ఒక స్థాయిని చూపుతుంది. ఇంటి వైరింగు చేయడానికి చట్టం అడిగేది రాష్ట్రమిచ్చే పర్మిట్. ఈ రెండూ ఒకటి కావు. పని మానుకుని, కూలి పోగొట్టుకుని వచ్చి ఫొటో దిగి కాగితం తీసుకున్నవాడికి, గిండీ కౌంటరు దగ్గర మళ్ళీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది.

వెలగడం వేరు, సరిగా ఉండడం వేరు

ఏ దారిన వచ్చినా ఒక చోట మనిషి ముందు బోర్డు, తీగలు, పనిముట్లు పెట్టి చేసి చూపమంటారు. మన ప్రాక్టికల్ పరీక్షల్లో వాడుకగా కనబడే అంశాలు ఐటీఐ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు: మెట్ల లైటును కింద ఒక స్విచ్చుతో, పైన ఒక స్విచ్చుతో వెలిగించడం, ట్యూబులైటు చోకు, స్టార్టరు కనెక్షను, మోటారుకు స్టార్టరు కలపడం, తీగల జాయింట్లు, ఎర్త్ గుంట గురించిన ప్రశ్నలు. ఇవన్నీ తెలియాల్సినవే. అయితే వీటిలో ఎక్కువ భాగం సర్క్యూటు పనిచేస్తోందా అన్నదాన్ని చూస్తాయి. ఇంట్లో ప్రాణాలు తీసేది పనిచేయని సర్క్యూటు కాదు. చక్కగా పనిచేస్తూ లోపల తప్పున్న సర్క్యూటే.

ఒక మామూలు ఉదాహరణ చూద్దాం. రెండు గదుల అపార్ట్‌మెంటులో కొత్తగా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టారు. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఎక్కడో నేలలోకో మనిషిలోకో కారుతోందని గ్రహించి అది పడిపోతుంది. ప్రాణం కాపాడే పరికరం. పెట్టిన సాయంత్రమే హాల్లో లైటు వేస్తే పడిపోవడం మొదలైంది. కారణం పాత వైరింగులో ఉంది: హాలు లైటుకు ఫేజు ఒక సర్క్యూటు నుంచి వచ్చింది, న్యూట్రల్ దగ్గర్లో ఉందని, ఈ ఆర్‌సీసీబీ కిందికి రాని పక్క సర్క్యూటుది కలిపేశారు. ఇన్నాళ్ళూ లైటు వెలిగింది కనుక ఎవరికీ తెలియలేదు. పని తెలిసినవాడు డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) తెరిచి, న్యూట్రళ్ళు విడదీసి, మెగ్గర్‌తో ఒక్కొక్కటీ చూసి, తప్పు కలిపిన చోటు పట్టుకుంటాడు. పూట పడుతుంది. తెలియనివాడు ‘సార్, ఈ ఆర్‌సీసీబీ కంపెనీ మంచిది కాదు’ అని దాన్ని తీసి పక్కన పెట్టేస్తాడు. పది నిమిషాల పని. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతాయి, యజమాని రెండోవాణ్ణే మెచ్చుకుంటాడు.

ఈ ఇద్దరినీ వేరు చేసే పరీక్షే సామర్థ్య పరీక్ష. మెట్ల లైటు పరీక్షలో ఇద్దరికీ సమానంగానే మార్కులు రావచ్చు.

ఇంకొకటి, కరెంటు ఆపడం. పని మొదలుపెట్టే ముందు మెయిన్ దించాం కదా అనుకుంటే చాలదు. దించినదాన్ని మరొకరు ఎత్తకుండా తాళమో చీటీయో పెట్టాలి. కరెంటు లేదని పరికరంతో రుజువు చేసుకోవాలి. ఆ పరికరం పనిచేస్తోందని ముందూ వెనకా మరో కరెంటున్న చోట పెట్టి చూసుకోవాలి. జేబులోని నియాన్ టెస్టరు వెలగనంత మాత్రాన కరెంటు లేనట్టు కాదు. ఇప్పుడు ఇళ్ళలో ఇన్వర్టర్లు మామూలయ్యాయి. మెయిన్ దించినా బ్యాటరీ నుంచి లైటు పాయింట్లకు కరెంటు వస్తూనే ఉంటుంది. పీఎం సూర్యఘర్ పథకం 2024లో వచ్చాక డాబాల మీద సోలారు పలకలు పెరుగుతున్నాయి. ఎండ ఉన్నంతసేపూ ఆ తీగల్లో డీసీ వోల్టేజి ఉంటుంది, దానికి మెయిన్ స్విచ్చుతో పనిలేదు. పదిహేనేళ్ళ కిందట పర్మిట్ తీసుకున్నవాడికి ఇవన్నీ తెలుసో లేదో ఎవరూ అడగరు. రెన్యూవల్ అంటే దరఖాస్తు, ఫీజు కట్టడమే తప్ప మళ్ళీ చేతిపని చూపడం కాదు.

చివరిది, పని ముగిశాక పరీక్షించడం. కొత్త వైరింగులో కరెంటు తీగకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పెట్టి, ఇన్సులేషను నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉందో లేదో చూడమని నిబంధనలు చెబుతున్నాయి. ఇంటి వైరింగులో ఈ కొలత తీసుకునే చోట్లు అరుదు. దానికి బద్ధకం కన్నా పెద్ద కారణం కూలి లెక్క. వైరింగు కూలి పాయింటుకింత. లైటు పాయింటు, ఫ్యాను పాయింటు, ప్లగ్గు పాయింటు, ఏసీ పాయింటు. కొలతకు పాయింటు లేదు. రేటు లేని పని జరగదు. పరీక్షలో దానికి మార్కులు లేకపోతే నేర్చుకోరు, బిల్లులో దానికి వరస లేకపోతే చేయరు. ఈ రెండు ఖాళీలూ ఒకదాన్నొకటి పోషించుకుంటున్నాయి.

ఐదేళ్ళ అనుభవానికి సాక్షి

మూడో దారిన వచ్చేవాడికి పరీక్షకన్నా పెద్ద అడ్డు పరీక్ష గదికి వెళ్ళే ముందే ఉంది. ఐదేళ్ళు పనిచేశానని రాసి ఇచ్చేవాడు కావాలి. ఎవరిస్తారు? లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు. ఇతను పనిచేసింది ఎవరి దగ్గర? తనలాగే కాగితం లేని మేస్త్రీ దగ్గర. ఆ మేస్త్రీ చెప్పే మాటకు బోర్డు దగ్గర విలువ లేదు. విలువ ఉన్న కాంట్రాక్టరు ఇతన్ని ఎన్నడూ చూడలేదు. చూడనివాడు సంతకం పెట్టడానికి బయల్దేరితే దానికో వెల ఏర్పడుతుంది. అలా ఏర్పడ్డ వెల వల్ల నిజంగా ఐదేళ్ళు చేసినవాడికీ అసలు చేయనివాడికీ తేడా చెరిగిపోతుంది.

మదింపు వ్యవస్థ అంతటిలో బలహీనమైన కణుపు ఇదే. పరీక్ష కష్టమా తేలికా అన్న చర్చ తరచూ వింటాం. ఆ చర్చ అవసరమే కానీ, పనివాడి జీవితంలోని పదేళ్ళను నమోదు చేసే చోటే లేనప్పుడు, చివర పెట్టే రెండు గంటల పరీక్ష మీద మోయలేని బరువు పడుతుంది. ఐటీఐ విద్యార్థికి హాజరు పట్టీ ఉంది, ప్రాక్టికల్ రికార్డు ఉంది. మేస్త్రీ దగ్గర నేర్చుకునేవాడికి ఏదీ లేదు, నేర్చుకున్నది మాత్రం ఎక్కువే కావచ్చు.

అర్హత కాగితాల వడపోత కన్నా నేరుగా చేయించి చూడటమే న్యాయంగా ఉంటుందని తెలంగాణలో ఒక ఉదంతం చూపింది. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) జూనియర్ లైన్‌మన్ పోస్టులకు మొదట ఆడవాళ్ళను తీసుకోబోమన్నారు. కోర్టుకు వెళ్ళిన అభ్యర్థినులకు హైకోర్టు అవకాశం ఇప్పించింది. 2020 చివర్లో స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఎక్కారు. 2021లో ఉద్యోగాల్లో చేరారు. స్తంభం ఎక్కగలరా లేదా అన్న ప్రశ్నకు స్తంభమే జవాబు చెప్పింది, నోటిఫికేషన్‌లో రాసిన షరతు చెప్పలేకపోయింది. ఇంటి వైరింగుకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

తడ దాటితే

చెన్నై పనివాళ్ళలో తెలుగువాళ్ళకు ఇంకో రెండు ముళ్ళున్నాయి. ఒకటి భాష. తమిళం గలగలా మాట్లాడతారు. బడి తెలుగులో చదివినవాడికి తమిళ అక్షరం రాదు, ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కోవాలి. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరైంది కనుక కొత్త తరానికి ఈ బాధ ఉండకపోవచ్చు. ఇప్పుడు నలభైలు దాటినవారికి, నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి పనికోసం వచ్చినవారికి ఉంది. చేతిపని రానివాణ్ణి ఆపడం కోసం పెట్టిన పరీక్ష, చదవడం రానివాణ్ణి ఆపకూడదు. ప్రశ్నను నోటితో అడిగి, జవాబును చేతితో చూపించమంటే ఈ ముడి చాలావరకు విడిపోతుంది.

రెండోది సరిహద్దు. చెన్నై నుంచి ఉత్తరంగా గుమ్మిడిపూండి దాటగానే తడ వస్తుంది, ఆంధ్ర మొదలవుతుంది. శ్రీసిటీలోని కర్మాగారాలు చెన్నైకి 55 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. పొద్దున ఇటు, సాయంత్రం అటు తిరిగే మనుషులున్న చోటు. కానీ పర్మిట్ రాష్ట్రానిది. చట్టం మాటల్లో, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదో గుర్తించినదో అయి ఉండాలి. పక్క రాష్ట్రపు పర్మిట్‌ను గుర్తించాలా వద్దా అన్నది ఆ ప్రభుత్వం చేతిలో పని. గీతకు రెండు పక్కలా 230 వోల్టులే, 50 హెర్ట్జులే, అవే భారతీయ ప్రమాణాలు, అదే కేంద్ర నియమావళి. తీగ రంగులు కూడా ఒకటే. మారేది ముద్ర మాత్రమే. డ్రైవింగు లైసెన్సు దేశమంతా చెల్లుతున్నప్పుడు వైర్‌మన్ పర్మిట్ ఎందుకు చెల్లదన్న ప్రశ్నకు గట్టి సాంకేతిక కారణం కనబడదు.

విదేశాల తూకం

కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళే ఎలక్ట్రీషియన్లలో చాలామందికి తొలి పరీక్ష ‘ట్రేడ్ టెస్ట్’. రిక్రూటింగు ఏజెన్సీలు చెన్నై, ముంబైలలో పెట్టించే ఈ పరీక్షలో కాగితాల గొడవ తక్కువ. కంపెనీ మనిషి ఎదురుగా నిలబడి ప్యానెల్ కట్టమంటాడు, కండ్యూట్ వంచమంటాడు, చేస్తే తీసుకుంటాడు. త్వరగా తేలిపోతుంది, కాకపోతే ఫలితం ఆ ఒక్క ఉద్యోగానికే పరిమితం. సౌదీ అరేబియా ఈ వ్యవహారాన్ని ప్రభుత్వ స్థాయికి తెచ్చి నైపుణ్య నిర్ధారణ కార్యక్రమం పెట్టింది. మన దేశంలో అది 2022 చివర్లో ఢిల్లీ, ముంబైలలో మొదలైంది. మొదటి వృత్తుల్లోనే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు.

బ్రిటన్‌లో ఎలక్ట్రీషియన్ పూర్తి అర్హత పొందాలంటే ఏఎం2 అనే చేతిపని పరీక్ష దాటాలి. రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అందులో వైరింగు కట్టడం ఒక భాగం మాత్రమే. సురక్షితంగా కరెంటు వేరుచేయడం, తనిఖీ చేసి కొలతలు తీసి ధ్రువపత్రం నింపడం, పరీక్షకుడు కావాలని పెట్టిన లోపాలను పట్టుకోవడం మిగతా భాగాలు. పైన చెప్పిన ఆర్‌సీసీబీ కథలో మొదటివాడూ రెండోవాడూ ఇక్కడ విడిపోతారు. బడి దారిన రాకుండా ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చినవాళ్ళకు ఏఎం2ఈ అని అదే బరువున్న మరో రూపం ఉంది. దానికి ముందు తాను చేసిన పనుల ఆధారాలను ఫొటోలతో, సైటు పత్రాలతో సహా కూర్చుకోవాలి. అనుభవాన్ని ఎవరి సంతకమో కాక పనే రుజువు చేస్తుంది.

న్యూజిలాండ్‌లో రిజిస్ట్రేషన్ ఒకసారి ఇచ్చి, పనిచేసే లైసెన్సును మాత్రం రెండేళ్ళకోసారి పొడిగిస్తారు. అప్పుడు భద్రత, షాకు తగిలినవారికి ప్రథమ చికిత్స లాంటివి మళ్ళీ నేర్చుకుని రావాలి. ఆస్ట్రేలియా బయటి దేశాల ఎలక్ట్రీషియన్‌ను రెండు మెట్లలో చూస్తుంది. ముందు అతనికి వచ్చిన పనిని సాంకేతిక ఇంటర్వ్యూతో, చేతిపని పరీక్షతో మదింపు చేసి పత్రం ఇస్తారు. ఆ దేశపు నియమాల్లో తెలియనివి అక్కడికి వెళ్ళాక, మరొకరి పర్యవేక్షణలో పనిచేస్తూ నేర్చుకుని పూర్తి లైసెన్సు తెచ్చుకోవాలి. తెలిసినదాన్ని కొట్టిపారేయకుండా, తెలియనిదాన్ని కప్పిపెట్టకుండా ఉన్న ఏర్పాటు ఇది. వీటికి ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ. మన పనివాడు అంత భరించలేడన్నది న్యాయమైన అభ్యంతరమే. భరించాల్సింది అతనేనా అన్నది వేరే ప్రశ్న.

లైసెన్సే వద్దనేవాళ్ళు

ఈ గొడవంతా ఎందుకు, పని బాగుంటే జనం పిలుస్తారు, లేకపోతే పిలవరు అనేవాళ్ళున్నారు. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే వృత్తి లైసెన్సులను దుయ్యబట్టాడు. అవి వినియోగదారుణ్ణి కాపాడేకన్నా, లోపలున్నవాళ్ళు బయటివాళ్ళను రానీయకుండా వేసుకునే గోడలవుతాయన్నాడు. సంతకాలకు వెల కట్టే మన తీరు చూస్తే ఆ మాట తీసిపారేయలేం. అయితే పేరు ప్రతిష్ఠలు పనిచేసేది, కొన్నవాడికి సరుకు మంచిచెడ్డలు త్వరగా తెలిసే చోట. వైరింగు మంచిచెడ్డలు పదేళ్ళకు తెలుస్తాయి. తెలిసేనాటికి చేసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ ఇంట్లో అప్పుడున్నది కట్టించుకున్నవాడు కాదు, అద్దెకొచ్చినవాడు. పైకప్పు పంచుకున్న పక్కవాటాకూ నిప్పు పాకుతుంది. డబ్బిచ్చినవాడు ఒకడు, ప్రమాదం మోసేవాడు ఇంకొకడు అయినచోట బజారు తీర్పును నమ్ముకోలేం. లైసెన్సు ఉండాలి. అది సరైనదాన్ని కొలవాలి.

ఎక్కడ సరిచేయాలి

ఇప్పటిదాకా చూసిన దారులన్నీ పక్కపక్కన పెడితే లోపం ఒకే చోట తేలుతోంది. మనం మనిషి గతాన్ని కాగితం మీద కొలుస్తున్నాం, అతని ప్రస్తుతాన్ని వెలిగే బల్బుతో కొలుస్తున్నాం. కొలవాల్సినవి అతని పని చరిత్ర, కొలత పరికరం పట్టే తీరు.

పని చరిత్రకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. హెల్పరుగా చేరిన మొదటి రోజునే బోర్డు దగ్గర పేరు నమోదై, ఒక పనుల పుస్తకం చేతికి రావాలి. అది ఫోనులో ఉన్నా సరే. ఏ ఇంట్లో ఏ పని చేశాడో, గోడ మూయక ముందు తీసిన ఫొటో, ఇంటి సర్వీసు నంబరు అందులో ఉంటే, ఐదేళ్ళ తర్వాత ఎవరి సంతకం కోసమూ తిరగక్కర్లేదు. కాగితం లేని మేస్త్రీ దగ్గర నేర్చుకున్న పనికి కూడా అప్పుడు లెక్క ఉంటుంది.

పరీక్షలో కనీసం సగం మార్కులు మూడు పనులకు ఇవ్వాలి: కరెంటు లేదని రుజువు చేయడం, పెట్టిన లోపాన్ని పట్టుకోవడం, పూర్తయిన సర్క్యూటును కొలిచి అంకెలు రాయడం. ప్రశ్న తమిళంలో, తెలుగులో, హిందీలో నోటితో అడగవచ్చు. మెగ్గర్ చూపే అంకెకు భాష లేదు. రెన్యూవల్‌కు వచ్చినప్పుడు ఇన్వర్టరు, సోలారు, ఆర్‌సీసీబీల మీద ఒక పూట చేతిపని చూస్తే పాత పర్మిట్లకూ కొత్త విలువ వస్తుంది. కేంద్రం ఇచ్చే నైపుణ్య ధ్రువపత్రాన్ని రాష్ట్ర పర్మిట్‌కు మొదటి మెట్టుగా ఒప్పుకుంటే, ఒకే మనిషిని రెండుసార్లు తూచే ఖర్చు తగ్గుతుంది.

మిగిలింది పని చేయించుకునేవాళ్ళ వంతు. పర్మిట్ నంబరు అడిగే అలవాటు మనకు లేదు. అడిగినా అది నిజమో కాదో ఫోనులో క్షణంలో చూసుకునే వీలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలి. అంతకన్నా ముందు మన చేతిలోనే ఉన్న పని ఒకటుంది. వైరింగు కూలి మాట్లాడుకునేటప్పుడు పాయింట్ల జాబితా కింద ఇంకో వరస రాయించుకుని, దానికి విడిగా డబ్బివ్వాలి: ఇన్సులేషన్ ఎంత వచ్చింది, ఎర్త్ ఎంత వచ్చింది, ఆర్‌సీసీబీ పడిందా లేదా, కొలిచినవాడి పేరు, పర్మిట్ నంబరు. బిల్లులో ఆ వరస వచ్చిందంటే మెగ్గర్ కొనుక్కున్నవాడికి గిట్టుబాటవుతుంది, కొలవడం వచ్చినవాడికి పిలుపు పెరుగుతుంది, పర్మిట్ కోసం గిండీకి వెళ్ళడానికి ఇప్పుడు లేని కారణం ఒకటి పనివాడికి దొరుకుతుంది.